గిరిబాబు గుండె మోగిన పొద్దులు

ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో రైల్వే యార్డు గోడ వెంబడి ఉన్న ఆ ఇళ్ళ లైనులో పొద్దున్న అయిదింటికి వీధి కొళాయిలో నీళ్ళు వస్తాయి, అయిదూ నలభైకి ఆగిపోతాయి. మధ్యలో ఉన్న ఆ నలభై నిమిషాలూ లైను మొత్తానికి ఒకటే పని. బిందెలు, బకెట్లు, నా వంతంటే నా వంతన్న తగువులు. చిలకమ్మ పిన్ని కొళాయి పక్కన పీట వేసుకుని కూర్చుని తీర్పులు చెబుతుంది. ఆమెను ఎవరూ నియమించలేదు. ఓ రోజు కూర్చుంది, అంతే.

కొళాయికి ఎదురుగా ఒక ఇనప స్తంభం, దానికి వేలాడుతూ మూరెడు పొడుగు రైలు పట్టా ముక్క ఉన్నాయి. తాతల నాడు గ్యాంగు మనుషులు దాన్ని సుత్తితో కొట్టి పనివేళలు చెప్పేవారట. ఇప్పుడు దాన్ని ఎవరూ కొట్టరు. లైనులో ఎవరి గుండె మరీ గట్టిగా కొట్టుకుంటుందో ఆ గుండెతో పాటు దానంతటదే మోగుతుంది, ఒక్కో దెబ్బకి ఒక్కో మోత. రెబెక్కా రైల్వే పరీక్ష ఫలితాలొచ్చిన రోజు మధ్యాహ్నమంతా మోగింది. పిల్లలు ఫుట్‌బాలు ఆడితే మోగుతుంది. ఎవరిదో తెలీకపోతే, ఆ సమయంలో లైనులో ఎవరు ఏం చేస్తున్నారో ఆరా తీసి తేల్చుకుంటారు. ఒకసారి ఏ కారణమూ లేకుండా దోర్కా ఇంట్లో ఉండగా మోగింది. ఇంక చూడాలి, ఎవరమ్మా ఆ అబ్బాయి అని వీధంతా నవ్వులు. ఆ పిల్ల నాలుగు రోజులు తలుపు తియ్యలేదు. ఆడవాళ్ళకి ఆ గంటతో ఎప్పుడూ ఇబ్బందే.

గిరిబాబుకి యాభై ఒకటి. వర్క్‌షాపులో పైన తిరిగే పెద్ద క్రేను నడుపుతాడు. కింద మనుషులు చీమల్లా తిరుగుతుంటే, పైన గదిలో కూర్చుని ఒక మీట లాగితే టన్నుల బరువున్న చక్రాల జత గాల్లోకి లేస్తుంది. ఆ గది అతని సింహాసనం. అటువంటి గిరిబాబుకి ఈసారి మెడికల్ పరీక్షలో డాక్టరు తలెత్తి చూడకుండానే చెప్పేశాడు. షుగరు, బరువు, కొవ్వు అన్నీ గీత దాటాయి. మూడు నెలల్లో దిగకపోతే క్రేను మీంచి దించి కింద ఏదో ఒక పనిలో వేస్తారు. తొంభై రోజులు టైము.

గిరిబాబు మర్నాడే గోల్‌బజారుకెళ్ళి పరుగు బూట్లు కొన్నాడు. పొద్దున్న అయిదింటికి లేచి పరిగెత్తాలని తీర్మానించుకున్నాడు, ఎందుకంటే ఏడింటికల్లా వర్క్‌షాపులో ఉండాలి. అప్పటిదాకా మేడ మీది ఇంటికి నీళ్ళు మోసే పని అతనిది. ఆ పని నీలవేణి తీసుకుంది. దాని గురించి మొగుడూ పెళ్ళాలిద్దరూ రెండు మాటలు కూడా మాట్లాడుకోలేదు.

మొదటి రోజు నడివీధిలో రెండు వందల గజాలు పరిగెత్తేసరికి గిరిబాబు గుండె గొంతులోకి వచ్చింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఇటు లైనులో పట్టా గంట దడదడా మోగడం మొదలెట్టింది. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు. వరాహనరసింహం మాస్టారు, ముప్పై ఏళ్ళు రైల్వే స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనాయన, చేతి వాచీ చూసుకుంటూ మోతలు లెక్కపెట్టాడు.

"నిమిషానికి నూట డెబ్భై నాలుగు!" అన్నాడు, కాళ్ళీడ్చుకుంటూ వచ్చిన గిరిబాబుతో. "నీ వయసెంతయ్యా? యాభై ఒకటి కదూ? రెండు వందల ఇరవైలోంచి వయసు తీసెయ్యి. నూట అరవై తొమ్మిది. అదీ నీ గుండెకి ఆఖరి హద్దు. నువ్వు మొదటి రోజే దాటేశావు."

అందరూ గిరిబాబు చుట్టూ మూగారు. ఒకరు విసనకర్రతో విసిరారు, ఒకరు మజ్జిగ తెచ్చారు. నీలవేణి మెట్ల మీద బకెట్టు పక్కన కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంటోంది. మొగుడికి ఏమైందోనని హడలిపోయింది కాబోలనుకున్నారు.

కోల్‌కతాలో ఉద్యోగం చేస్తున్న కూతురు పూజకి ఈ కబురు తెలిసి, గుండె వేగం చూపించే వాచీ ఒకటి కొని పంపించింది. ఫోనులో పాఠం కూడా చెప్పింది.

"నాన్నా, కొత్తగా పరిగెత్తేవాళ్ళకి గుండె తొందరగా పైకెళ్ళిపోతుంది. నీకొక్కడికే కాదు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. మాట్లాడుతూ పరిగెత్తగలగాలి. మాట ఆగిపోయిందంటే స్పీడు ఎక్కువైనట్టే."

"ఎవలితో మాటాడమంతావే ఆ సీకట్లో?"

"నీలో నువ్వే మాట్లాడుకో."

దాంతో గిరిబాబు స్టేషన్ల పేర్లు చదువుతూ పరిగెత్తడం మొదలెట్టాడు. హిజ్లీ, బేనాపూర్, నారాయణ్‌గఢ్, బేల్దా... మొదటి వారం బేల్దా దాటకుండానే ఊపిరందక నడకలోకి దిగేవాడు. నెల తిరిగేసరికి దాంతన్ దాటి జలేశ్వర్ దాకా మాట తొట్రుపడకుండా వెళ్ళిపోతున్నాడు. వాచీలో నూట ముప్పై రెండు, నూట ముప్పై అయిదు. వొంట్లో తేలిక తెలుస్తోంది. ప్యాంటు నడుం దగ్గర వదులైంది.

వచ్చిన చిక్కల్లా గంటతో. అతను అంత హాయిగా పరిగెత్తి వస్తున్నా ఇక్కడ లైనులో రోజూ అదే మోత. నూట అరవై, నూట డెబ్భై, ఒక రోజు నూట ఎనభై ఒకటి. మాస్టారు ఆ అంకె చెప్పినప్పుడు చిలకమ్మ పిన్ని పీట మీంచి లేచి నిలబడిపోయింది.

గిరిబాబు వాచీ చూపించాడు. ఎవరూ నమ్మలేదు.

"వాసీ అంటే అమ్ముకోడానికి సేసింది బాబూ," అంది చిలకమ్మ. "గంటకేటి, ఒకలి మెప్పు గావాలా? ఎన్నడైనా అబద్ధమాడిందా?"

ఎప్పుడూ ఆడలేదు మరి. దానికి తోడు, వాన పట్టిన రెండు రోజులూ గిరిబాబు పరుగుకి వెళ్ళలేదు. గొడుగు పట్టుకుని తనే నీళ్ళు మోశాడు. ఆ రెండు రోజులూ గంట కిక్కురుమనలేదు. ఇంకేం కావాలి? పరుగు మానితే గంట మానింది. లైను మొత్తం ఒకే మాట మీదికొచ్చింది. గిరిబాబు గుండె చెడింది, వాచీ దాన్ని కనిపెట్టలేకపోతోంది.

మనిషికి ఎంత ధైర్యమున్నా అంతమంది ఒకటే మాట అంటుంటే ఎలా నిలుస్తుంది? గిరిబాబుకి భయం పట్టుకుంది. క్రేను గదిలో కూర్చుని, కొక్కేనికి చక్రాల జత వేలాడుతుండగా, ఎడం చెయ్యి గుండె మీద పెట్టి చూసుకునేవాడు. ఆ క్షణాన తన ప్రాణం పోతే ఆ బరువు ఎవరి మీద పడుతుందో అని కిందికి తొంగిచూసేవాడు. పరుగు ఆపితే క్రేను పోతుంది. ఆపకపోతే ప్రాణమే పోయేలా ఉంది.

ఒక ఆదివారం చిలకమ్మా, మాస్టారూ కలిసి మేడ మీదికొచ్చారు.

"పరుగు మానిపించు, నీలవేణీ," అన్నాడు మాస్టారు. "క్రేను కాకపోతే ఇంకో పని. జీతం ఎక్కడికీ పోదు. మనిషి ముఖ్యం."

గిరిబాబు తల వంచుకుని కూర్చున్నాడు. సరే అందామని నోటి దాకా వచ్చింది. అంతలో నీలవేణి వంటింటి గుమ్మంలోంచి అంది.

"మానడు. పరిగెడతాడు."

ఆమె ఎప్పుడూ పెద్దల మాటకి ఎదురు చెప్పిన మనిషి కాదు.

"ఏటన్నావు?" అంది చిలకమ్మ.

"బావకేటీ కాదు పిన్నీ. గంట ఏదో వాగుతాది, వాగనియ్యి. ఇంక పాతిక రోజులే."

"ఓలమ్మో! మొగుణ్ణి సంపుకుంతావేటే? నీది గుండా బండరాయా?"

నీలవేణి గుమ్మం పట్టుకుని నిలబడింది. చిలకమ్మ చెంపలు వాయించుకుంటూ మెట్లు దిగిపోయింది. ఆ సాయంత్రానికల్లా నీలవేణి రాతిగుండె కబురు లైను చివరిదాకా పాకింది. గిరిబాబుకీ లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. పైకి అనలేదు గాని, ఇరవై ఆరేళ్ళ కాపురంలో మొదటిసారి పెళ్ళాం వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

అతనికి ఒక్కడే నమ్మకమైన మనిషి కనపడ్డాడు, ఎబినేజర్. యార్డులోకి వచ్చిన ప్రతి బండి పక్కనా నడుస్తూ చక్రాన్ని సుత్తితో కొట్టి, మోత విని, లోపల బీట ఉందో లేదో చెప్పడం అతని పని. ముప్పై నాలుగేళ్ళుగా చెవులతోనే బతుకుతున్నాడు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్ళకి అతనెవరో తెలీదు గాని, వాళ్ళ ప్రాణాలు అతని చెవిలో ఉంటాయి.

"అన్నా, నా గుండె విని సెప్పు," అన్నాడు గిరిబాబు.

"నానేటి డాక్టరునా?" అన్నాడు ఎబినేజర్. కాని ఆరు రోజుల తరవాత, పరుగు మొదలై సరిగ్గా డెబ్భై ఒకటో రోజున, సైకిలేసుకుని గిరిబాబు పక్కన బయల్దేరాడు.

గిరిబాబు హిజ్లీ, బేనాపూర్ అనుకుంటూ పరిగెత్తాడు. ఎబినేజర్ మెల్లగా తొక్కుతూ అతని ఊపిరి వింటున్నాడు. మైలు దూరంలో యార్డు గేటు దగ్గర ఒక బెంగాలీ ముసలాయన టీ బడ్డీ ఉంది. అక్కడ ఆగారు. "బోషున్ దాదా," అని కూర్చోమంటూ ముసలాయన బల్ల తుడిచాడు. వెనకనుంచి, పొద్దుటి గాలిలో, పట్టా గంట మోత అంతదూరమూ వస్తోంది.

"కూకో," అన్నాడు ఎబినేజర్. "టీ తాగు. ఏటీ మాటాడకు."

పది నిమిషాలు గడిచాయి. ఎబినేజర్ గిరిబాబు మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. వాచీలో ఎనభై నాలుగు. వేళ్ళ కింద కూడా అంతే. ఒకటి తరవాత ఒకటి, దూరం తప్పకుండా.

గంట ఇంకా మోగుతూనే ఉంది.

ఎబినేజర్ కళ్ళు తెరిచాడు. మొహంలో రంగు పోయింది.

"గిరీ. నీ గుండె కూకున్నాది. గంట కూకోనేదు."

"అంటే?"

"ఇను. పరిగెత్తినోడి గుండె బేగి కొట్టుకుంతాది గాని వరస తప్పదు. ఇది సూడు... రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా, మల్లీ మూడు. బీటబడ్డ సక్రం ఇలాగే పలుకుతాది. ఇది నీది కాదురా. ఎన్నడూ నీది కాదు."

గిరిబాబు చేతిలో మట్టి కప్పు అలాగే ఉండిపోయింది.

"మరి ఎవలిది?"

"ఈ యేల లైనులో అందరూ ఏటి సేస్తంతారు?"

"నీల్లు పడతంతారు."

"మీ నీల్లు ఎవలు మోస్తన్నారు?"

గిరిబాబు లేచాడు. అప్పుడే గంట ఆగిపోయింది. మధ్యలో తెగినట్టు, ఒక్కసారిగా. ముసలాయన కూడా కెటిల్ పట్టుకున్న చెయ్యి గాల్లో ఆపి అటు చూశాడు.

ఆ మైలు దూరం గిరిబాబు ఎలా వచ్చాడో అతనికి ఇప్పటికీ జ్ఞాపకం లేదు. స్టేషన్ల పేర్లు చదవలేదు. నడకలోకి దిగలేదు. చేతికున్న వాచీ నూట డెబ్భై ఎనిమిది అని ఎర్రగా మెరిసి కీచుమంటూనే ఉందని సైకిలు మీద వెనకపడ్డ ఎబినేజర్ తరవాత చెప్పాడు. సగం దూరంలో గంట మళ్ళీ మొదలైంది. గజిబిజిగా, నీరసంగా. ఆ మోత వినపడగానే గిరిబాబు గట్టిగా ఏడ్చేశాడు. ఏడుస్తూనే పరిగెత్తాడు.

నీలవేణి మెట్ల మధ్యలో గోడకి జారగిలబడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. బకెట్టు కిందిదాకా దొర్లి, మెట్ల నిండా నీళ్ళు. చిలకమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని "ఓలమ్మ, ఓలమ్మ" అంటోంది తప్ప ఇంకేం చెయ్యలేకపోతోంది. మాస్టారు వాచీ పట్టుకున్న చేతిని వెనక్కి దాచుకున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ నీలవేణి గుండె చాలాసేపు విన్నది. యంత్రం మీద గీతలు చూసింది. చిన్నప్పుడు జ్వరంతో కీళ్ళు వాచాయా అని అడిగింది. అవును, నౌపడాలో ఉన్నప్పుడు, పదేళ్ళ వయసులో, అంది నీలవేణి. ఆ జ్వరమే గుండె లోపలి కవాటాన్ని మూసుకుపోయేలా చేసిందని, ఇన్నేళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చిందని, ఈ మధ్య బరువు పని ఎక్కువయ్యేసరికి గుండె గతి తప్పిందని డాక్టరమ్మ హిందీలో వివరంగా చెప్పింది.

"ఇంకో వారం ఇలాగే మోసుంటే గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకి ఎక్కేది," అంది. "టైముకి తెచ్చారు. ఎలా కనిపెట్టారు?"

"గంట మోగింది," అన్నాడు గిరిబాబు.

డాక్టరమ్మ ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. సరేనని తలూపి మందులు రాసుకుంది.

మూడు వారాలు మందులు వాడాక కోల్‌కతాలో పెద్దాస్పత్రిలో చేర్చారు. తొడ దగ్గర్నుంచి సన్నటి తీగ పంపి, దాని చివర బుడగ ఊది, మూసుకుపోయిన కవాటం తెరిచారు. ఆ మూడు వారాలూ లైనులో గిరిబాబు వంతు నీళ్ళని ఒక్కో రోజు ఒక్కో ఇంటివాళ్ళు మోశారు. చిలకమ్మ కూడా తన డెబ్భై ఏళ్ళ నడుంతో ఒక చెంబు మోసింది. నీలవేణిని రాతిగుండె అన్నందుకు ఆమెకి అన్నం సహించలేదు. గంట మోగలేదు.

ఆపరేషనయిన మూడో రోజే గిరిబాబు మెడికల్ పరీక్ష పడింది. మొదటి తేదీకి సెలవు పెడితే వాళ్ళిచ్చిన రెండో తేదీ అది. వెళ్ళనన్నాడు. ఇప్పుడు క్రేను ఎవరికి కావాలన్నాడు. నీలవేణి పడక మీంచే కసిరి పంపించింది. పొద్దుటి లోకల్లో వెళ్ళి, సాయంత్రానికి మళ్ళీ కోల్‌కతా వచ్చేసరికి వార్డులో దీపాలు వేస్తున్నారు. పూజ టీ తేవడానికి కిందికెళ్ళింది. నీలవేణి మొహంలోకి రంగొచ్చింది. పెదాలు మామూలుగా ఉన్నాయి.

"ఏటయింది?" అంది.

"పాసయిపోయినాను. ఎనిమిది కేజీలు తగ్గినాను. సుగరు దిగిపోనాది. క్రేను మీదే ఉంచినారు."

నీలవేణి కళ్ళు మూసుకుంది. పెద్ద ఊపిరి ఒకటి వదిలింది.

"అయితే ఇంక సెప్పొచ్చు," అంది.

"ఏటి?"

"ఆ గంట నాదని నాకు ముందే తెల్సు బావా."

మందుల మత్తులో అంటోందనుకున్నాడు గిరిబాబు. వంగి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కళ్ళు తేటగా ఉన్నాయి.

"ఎప్పట్నించి?"

"రెండో రోజు నించి. అక్కడ మోగితే ఇక్కడ తగిలేది. నా గుండె నాకు తెలీదేటి?"

"మరి సెప్పనేదేటే! నీలా! సచ్చిపోయుందువు గదే!"

"సస్తానని తెల్దు గదా. వయసు మీద పడిందనుకున్నాను. సెప్తే నువ్వు ఆ బూట్లు ఇప్పేసి బకెట్టు అందుకునేవోడివి. నిన్ను దించేసుందురు. ఆ గదిలోంచి దిగొచ్చినాక నువ్వెలా ఉంతావో నానూహించుకోనేకపోయినాను." "తొంభై రోజులే గదా అని రోజూ నెక్కెట్టుకున్నాను. ఇంక పందొమ్మిదే ఉండీవి బావా. ఆ పందొమ్మిదీ లాగేసుందును."

గిరిబాబు మంచం కమ్మీ పట్టుకున్నాడు. మందులివ్వడానికి వచ్చిన నర్సు అతని మొహం చూసి, చేతిలో ట్రే పక్కన పెట్టేసి, ముందు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి మణికట్టు పట్టుకుంది.